మీకు తెలుసా? పూర్ణా మార్కెట్ సంచిలో సర్జరీ పాఠం

ఆదివారం పొద్దున్న ఆరున్నర. విశాఖ పూర్ణా మార్కెట్లో లారీలు ఖాళీ అయిపోయి, కళాసీలు టీ గ్లాసులు పట్టుకుని కాస్త కూలబడే వేళ. మా తమ్ముడి కూతురు నా వెంట వచ్చింది. ఎం.ఎస్. జనరల్ సర్జరీ మొదటి సంవత్సరం. నేను వంకాయలు ఏరుకుని వచ్చేసరికి తను మాంసం కొట్టు ముందు నిలబడి ఉంది.

"మేకపేగు కావాలండీ. ముక్కలు కొట్టొద్దు. పొడుగ్గా అలాగే ఇచ్చెయ్యండి."

కొట్టతను కత్తి ఆపి చూశాడు. "ముక్కలు కొట్టకపోతే బోటీ కూర ఎలా వండుతారమ్మా? ఏటి చేస్తారు దీన్ని?"

"కుట్టుకుంటానండీ."

పక్కనున్న నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి ఆ పిల్ల రెండు గంటలు చేసిన పని చూశాక మాత్రం నవ్వు రాలేదు. ఆపరేషన్ చేసే చేయి ఎలా తయారవుతుంది, అలాంటి చేతులు మన మన్యంలో, మనలాంటి దేశాల్లో ఎందుకు చాలడం లేదు, పెంచడానికి ఎవరెవరు ఏం చేశారు అని అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. అందులో నన్ను కదిలించినవి ఇవి.

మేకపేగుకి నాలుగు పొరలుంటాయని తెలుసా?

పైకి చూస్తే ఒక్క తోలులాగే ఉంటుంది. తను పట్టకారుతో అంచు ఎత్తి తెల్లటి పలచని పొర ఒకటి చూపించింది. "అత్తా, కుట్టు నిలబడేది దీంట్లోనే. సబ్‌మ్యూకోసా అంటారు. సూది దీన్ని పట్టకపోతే ఎన్ని కుట్లేసినా పేగు విడిపోతుంది." రెండు కొసలు దగ్గర చేర్చి, బియ్యపుగింజ ఎడంలో ఒక్కో కుట్టు వేసుకుంటూ పోయింది. పన్నెండో కుట్టు దగ్గర లాగుడెక్కువై గోడ చిరిగింది. మొత్తం విప్పి మళ్లీ మొదలు. అంతా అయ్యాక ఒక కొస కట్టేసి, రెండో కొసలోంచి సిరంజితో నీళ్లెక్కించింది. రెండు చోట్ల చెమ్మ ఊరింది. అది పేపరు మీద పడ్డ తడి కాబట్టి సరిపోయింది. మనిషి కడుపులో అయితే నాలుగైదు రోజులకి జ్వరం, ఆ తర్వాత చీము, ఆపైన ప్రాణం మీదికి. ఆ రెండు తడిమచ్చల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, ఫొటో తీసి, తన సీనియర్‌కి పంపింది.

ఇంకో సంగతి. డాక్టర్లు తరతరాలుగా వాడిన కుట్టుదారం పేరు క్యాట్‌గట్. పేరులో పిల్లి ఉంది గానీ పిల్లికి దాంతో ఏ సంబంధమూ లేదు. గొర్రె పేగులోని ఈ పొరనుంచే దాన్ని తీసేవారు. కుట్టు పట్టి నిలిచే పొరే దారం కూడా అయిందన్నమాట.

మార్కెట్ సంచిలో ఇంకా ఏం పడతాయి?

అరటితొక్క మీద గాటు పెట్టి, లోపలి పండుకి తగలకుండా కుట్టడం. కోడి తొడ మీద చర్మం కోసి అతకడం. టమాటా తొక్కని, ద్రాక్షపండు తొక్కని సన్నటి కత్తెరతో రసం కారకుండా వలవడం. అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, లోపల ఫోన్ కెమెరా అమర్చి, పొడవాటి పరికరాలు దూర్చి తెర మీద చూస్తూ పని చేయడం. ల్యాపరోస్కోపీ సాధనకి లక్షల ఖరీదు చేసే యంత్రాలున్నాయి. అవి కొనలేని చోట, ముఖ్యంగా ఆఫ్రికా దేశాల్లో, ఈ అట్టపెట్టెలతోనే నేర్పుతున్నారు. ఇక ముడుల సంగతి సరేసరి. హాస్టల్ గదిలో కుర్చీ చేతులకి దారపు ముళ్లు వేలాడుతుంటే అక్కడ సర్జరీ పీజీ ఉంటున్నట్టే. ఒక పేట కుడికి, ఒక పేట ఎడమకి వేసి బిగించే ఆ ముడి ఓడ సరంగులకీ తెలుసు. మన హార్బర్‌కి వెళ్లి అడగండి, కళ్లు మూసుకుని వేసి చూపిస్తారు.

1923 దాకా కోస్తాలో, రాయలసీమలో మెడికల్ కాలేజీయే లేదని తెలుసా?

డాక్టర్ కావాలంటే మద్రాసు రైలెక్కాల్సిందే. అక్కడి మెడికల్ కాలేజీ 1835 నాటిది. ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత మన వంతు వచ్చింది. పూర్ణా మార్కెట్ నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, కేజీహెచ్ డౌన్ దగ్గర ఆగి తలెత్తితే కనిపించే ఆ గుట్ట మీద కింగ్ జార్జి ఆసుపత్రిని 1923 జూలైలో అప్పటి మద్రాసు ప్రభుత్వాధినేత పానగల్ రాజా ప్రారంభించారు. అదే ఏడాది మొదలైన వైజాగపటం మెడికల్ కాలేజీయే 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. రెండో కాలేజీ గుంటూరులో 1946లో వచ్చింది. అంటే ఇరవై మూడేళ్లపాటు ఇంత పెద్ద ప్రాంతానికి డాక్టర్లని తయారుచేసిన కాలేజీ ఈ ఒక్కటే. తర్వాత కర్నూలు 1957లో, కాకినాడ 1958లో.

కేజీహెచ్‌కి వచ్చే జనాన్ని ఎప్పుడైనా గమనించారా? శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మాత్రమే కాదు, ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి నుంచీ, బస్తర్ నుంచీ వస్తారు. ఓపీ క్యూలో తెలుగు, ఒడియా, కువి, ఆదివాసీ ఒడియా కలిసి వినిపిస్తాయి. సర్జరీ నేర్చుకునే పిల్లలకి పుస్తకం వాళ్లే. పొట్ట తెరిచి చూపించిన ప్రతి రోగీ ఒక పాఠం చెప్పినవాడే. వాళ్లకి మనం ఏం తిరిగి ఇస్తున్నామన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

మూడే మూడు ఆపరేషన్లతో ఒక ఆసుపత్రిని కొలవొచ్చని తెలుసా?

2015లో లాన్సెట్ పత్రిక వేసిన అంతర్జాతీయ కమిషన్ ప్రపంచమంతటి సర్జరీ లెక్క తీసింది. అవసరమైనప్పుడు సురక్షితంగా, అప్పులపాలు కాకుండా ఆపరేషన్ చేయించుకోలేనివాళ్లు 500 కోట్ల మంది. ఏడాదికి ఇంకా 14 కోట్ల 30 లక్షల ఆపరేషన్లు అదనంగా జరగాలి. ఏటా జరిగే 31 కోట్ల ఆపరేషన్లలో, ప్రపంచ జనాభాలో అడుగునున్న మూడో వంతు బీదవాళ్లకి అందుతున్నది 6 శాతం. లక్ష మందికి సర్జన్లు, మత్తు డాక్టర్లు, కాన్పు డాక్టర్లు కలిపి కనీసం 20 మంది ఉండాలని ఆ కమిషన్ చెప్పింది.

ఆ మూడు ఆపరేషన్లు ఇవి: పెద్దాపరేషను చేసి బిడ్డని తీయడం, పొట్ట తెరిచి లోపలి చిక్కు సరిచేయడం, ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చిన గాయాన్ని బాగుచేయడం. ఈ మూడూ చేయగలిగిన చోట మిగతావి చాలామటుకు చేయగలరు. అలాంటి చోటికి మనిషి రెండు గంటల్లో చేరాలన్నది వాళ్లు పెట్టిన గీత.

పూర్ణా మార్కెట్లో ఎవరికైనా నెప్పులొస్తే పాతబస్తీలోనే విక్టోరియా ఆసుపత్రి ఉంది, ఊరంతా ఘోషా ఆసుపత్రి అంటుంది. పరదా పాటించే ఆడవాళ్లు రాగలిగేలా కట్టిన ఆసుపత్రి కనక ఆ పేరు. ఆటోలో పది నిమిషాలు. అదే పాడేరు అవతల కొండ మీది ఊరైతే? ముందు డోలీ. రెండు కర్రలకి దుప్పటి కట్టి, భర్తా అన్నదమ్ములూ భుజాల మీద మోసుకుంటూ వాగు దాటాలి. రోడ్డు తగిలాక అంబులెన్సు. ఘాటీ దిగి విశాఖ చేరేసరికి వంద కిలోమీటర్లు దాటుతుంది. రెండు గంటల గీత డోలీ దగ్గరే చెరిగిపోతుంది.

ఇంకోపక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. రాష్ట్రం మొత్తం మీద కత్తి ఎక్కువైంది. కావలసిన కొండ మీద మాత్రం కత్తి పట్టే చేయి లేదు. ఇది కొరత ఒక్కటే కాదు, పంపకంలో జరిగిన అన్యాయం కూడా అని నా గట్టి నమ్మకం.

వందకి 83

దేశంలో గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకి కావలసిన సర్జన్లలో 2021-22 నాటికి లేనివాళ్లు 83 శాతం. ఈ లెక్క కేంద్ర ప్రభుత్వ గ్రామీణ ఆరోగ్య గణాంకాలదే.

సర్జన్ ఒక్కడే వస్తే ఏ ఆపరేషనూ జరగదని తెలుసా?

తెలిసే ఉంటుంది గానీ, ఎంత సులువుగా మరిచిపోతామో! మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషన్ థియేటరుకి (ఓటీకి) తాళమే. అందుకే మన దేశంలో ఒక ప్రయత్నం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకి 18 వారాల శిక్షణ ఇచ్చి, కాన్పు ఆపరేషన్లకి మత్తు ఇవ్వడం నేర్పారు. కొన్నాళ్లు మెడికల్ కాలేజీలో, కొన్నాళ్లు జిల్లా ఆసుపత్రిలో. అలాగే పెద్దాపరేషను చేయడంలో వేరే శిక్షణ. చాలాచోట్ల కనిపించిన చిక్కు ఏమిటంటే, శిక్షణ అయ్యాక ఆ డాక్టర్‌ని ఓటీ లేని చోటికి వేయడం, లేదా మత్తు నేర్చినవాడిని ఒక ఊరికీ కాన్పు నేర్చినవాడిని ఇంకో ఊరికీ పంపడం. కాడికి రెండు ఎడ్లు కావాలని రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. బదిలీ కాయితం రాసేవాళ్లకి చెప్పాలి.

2020లో జాతీయ పరీక్షల మండలి ఎనిమిది విభాగాల్లో రెండేళ్ల డిప్లొమాలు మొదలుపెట్టింది. మత్తు వైద్యం, కాన్పులు అందులో ఉన్నాయి. కాలేజీ లేని ఆసుపత్రుల్లో కూడా వీటిని నేర్పొచ్చు. నాకు ఇందులో ఆశ కనిపిస్తోంది.

ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు మన హైదరాబాద్ మనిషని తెలుసా?

పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు. ఆ స్కూలు నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫామ్ మీద గొప్ప గురి. మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని అప్పట్లో ప్రపంచమంతా వాదులాడుకుంటోంది. అది తేల్చడానికి నిజాం డబ్బుతో 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే పనిచేశాయి. ఊపిరే ముందు ఆగుతుందని లారీ వాదన. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాత తేలింది. అయినా రోగి ఊపిరి మీదినుంచి కన్ను తీయొద్దని ఆయన శిష్యులకి నూరిపోసిన అలవాటు మటుకు బంగారం. రూపాబాయి 1889 నుంచి 1917 దాకా హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫామ్ ఇస్తూనే ఉన్నారు. మధ్యలో 1909లో ఎడిన్‌బరో వెళ్లి మరింత చదువుకుని తిరిగి ఇక్కడికే వచ్చారు. మత్తు ఇవ్వడం ఒక ప్రత్యేక విద్య అని చాలా దేశాలకి ఇంకా తోచని రోజుల్లో, ఒక ఆడమనిషి మన నేల మీద దాన్నే వృత్తిగా చేసుకుంది. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

సోంపేట కోసం కెనడాలో ఒక సంస్థ పుట్టిందని తెలుసా?

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రి, ఆరోగ్యవరం. అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ శుక్లాలు తీసేవారు. తీసేకొద్దీ ఊళ్లకి ఊళ్లు వచ్చేవి. ఆయన సాయమడిగితే 1963లో కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. అదే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది. సోంపేట కళ్లతో మొదలై ఎన్నో దేశాలకి పాకింది.

కళ్ల విషయంలో తెలుగువాళ్లు ప్రపంచానికి చూపిన దారి ఇంకొకటుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో స్థిరపడగలిగీ తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కట్టిన మెట్ల గోపురం అది. అడుగున 50 వేల మందికి ఒక విజన్ సెంటర్. దానిపైన 5 లక్షల మందికి ఆపరేషన్ చేయగల చిన్న ఆసుపత్రి. ఆపైన 50 లక్షలకి పెద్ద ఆసుపత్రి. అలాంటిదే 2006లో మన హనుమంతవాక దగ్గర వచ్చింది. ఈ గోపురానికి పునాది పల్లెటూరి పిల్లలు. ఇంటర్ చదివినవాళ్లని ఎంచుకుని, ఏడాది శిక్షణ ఇచ్చి, వాళ్ల ఊరి దగ్గరే పనిలో పెడతారు. కళ్లద్దాలతో పోయేది ఏదో, కత్తి పడాల్సింది ఏదో వాళ్లు తేల్చేస్తారు. సర్జన్ సమయం కత్తి పట్టడానికే మిగులుతుంది.

ఈ నమూనా మిగతా సర్జరీకి ఎందుకు పాకలేదని నేనడిగితే, కన్ను ఒకే అవయవం, పొట్టలో పది ఉన్నాయి అంటారు డాక్టర్లు. నిజమే. కానీ గోపురం అడుగు మెట్టునుంచి కట్టుకుంటూ రావాలన్న సంగతి పొట్టకైనా అంతేగా.

కళాసీ గజ్జల్లో ఉబ్బు, దోమతెర గుడ్డ

బరువులెత్తే మనిషికి గజ్జల్లో ఉబ్బు వస్తే "పేగు జారింది" అంటారు. హెర్నియా. పూర్ణా మార్కెట్ కళాసీల్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పంచె బిగించి, నొక్కి పెట్టుకుని బస్తాలు మోస్తూనే ఉంటారు. పని మానితే ఆ పూట కూలి లేదు. సర్జరీ పీజీ చేతికి ముందుగా వచ్చే ఆపరేషన్లలో ఇదొకటి.

ఈ ఆపరేషన్లో అతుకు వేసే జాలీ ఖరీదైనదని, మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డని శుద్ధిచేసి వాడారు. చూసి కొందరు ముఖం చిట్లించారు. 2016లో ఉగాండాలో 302 మంది మీద పద్ధతిగా జరిపిన పరీక్షలో ఆ రకం గుడ్డా, కంపెనీ జాలీ సమానంగా పనిచేశాయని తేలింది. శుద్ధిచేయడంలో ఏ లోపమూ ఉండకూడదు సుమా, ప్రాణం అక్కడే ఉంది.

డాక్టర్లు కాని సర్జన్లు

ఈ మాట రాయడానికి నాకూ జంకు కలిగింది. కానీ నిజం ఇది. స్వాతంత్ర్యం వచ్చాక డాక్టర్లు వెళ్లిపోయి, యుద్ధంలో చిక్కుకున్న మొజాంబిక్ దేశం 1984లో వైద్య సహాయకులకి మూడేళ్లు సర్జరీ నేర్పడం మొదలుపెట్టింది. జిల్లా ఆసుపత్రుల్లో పెద్ద కాన్పు ఆపరేషన్లు నూటికి 92 వాళ్లే చేస్తున్నట్టు 2007లో తేలింది. చదువు ముగించిన ఏడేళ్ల తర్వాత లెక్క చూస్తే వాళ్లలో 88 శాతం ఇంకా ఆ జిల్లాల్లోనే ఉన్నారు. అదే జిల్లాలకి వెళ్లిన డాక్టర్లలో మిగిలినవాళ్లు? ఒక్కరూ లేరు.

సియెర్రా లియోన్‌లో ఇలాంటివాళ్లు చేసిన హెర్నియా ఆపరేషన్లనీ, డాక్టర్లు చేసినవాటినీ పోల్చి 2021లో ప్రచురించారు. ఏడాదిలో ఉబ్బు తిరగబెట్టినవాళ్లు డాక్టర్ల వైపు 6.9 శాతం, వీళ్ల వైపు 0.9 శాతం.

మన దగ్గర ఇది కుదురుతుందా? మనకీ ఒకప్పుడు ఎల్.ఎం.పి. డాక్టర్లుండేవారు. తక్కువ ఏళ్ల చదువు, తాలూకా ఊళ్లలో పని. 1946 నాటి భోర్ కమిటీ ఒకే రకం డాక్టర్ చాలంది, ఆ చదువు ఆగిపోయింది. బీదవాడికి తక్కువ చదువు డాక్టరా అన్న కోపం న్యాయమైనదే. కానీ డోలీ మోసేవాళ్లకి ఈ వాదన వినే తీరిక లేదు. ఎవరు చేసినా, పక్కన నిలబడి చూసే పెద్దచేయి ఉండాలి, తేడా వస్తే అందుకునే పై ఆసుపత్రి ఉండాలి. ఆ రెండూ లేకుండా వదిలేస్తేనే మోసం.

మూడు నెలలు జిల్లాకి

2021లో చేరిన పీజీల నుంచి కొత్త నిబంధన ఒకటి వచ్చింది. మూడేళ్ల చదువులో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. పెద్దాసుపత్రిలో పీజీకి దొరికేది చాలాసార్లు కోత అంచుల్ని పక్కకి లాగిపట్టే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడే పని. జిల్లాలో మనుషులు తక్కువ కాబట్టి కత్తి చేతికొస్తుంది. నేర్పే సర్జన్ అక్కడ ఉంటేనే సుమా. 2024లో పాడేరులో 50 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. కొండ మీద పుట్టిన పిల్లలు ఆ కొండ మీదే చదువుకునే రోజు వచ్చిందంటే, 1923లో కేజీహెచ్ తలుపు తెరిచినంత పని అది. అధ్యాపకులు నిండుగా ఉండేలా చూసుకోవాల్సింది మనం.

1965లో అమెరికా వలస చట్టం మార్చాక మన మెడికల్ కాలేజీల నుంచి ఎంతమంది విమానం ఎక్కారో ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. వెళ్లినవాళ్లని నేను తప్పుపట్టను. ఉన్నవాళ్లకి ఓటీ, మత్తు డాక్టరు, నిల్వ రక్తం, పిల్లలకి బడి ఇవ్వకుండా ఉండమనడం మాత్రం తప్పు.

మొన్న మా మేనకోడలు జిల్లా పోస్టింగుకి బయల్దేరే ముందు మళ్లీ పూర్ణా మార్కెట్‌కి వెళ్లాం. తనకి ఒక టార్చిలైటు, రెండు ఉండల నైలాన్ దారం కావాలి. మాంసం కొట్టు ముందునుంచి వెళ్తుంటే అతనే పిలిచాడు.

"ఏటమ్మా, ఈ వారం తీసుకోరా? నిన్న ఇద్దరు కొత్త డాక్టరు పిల్లలొచ్చారు. ముక్కలు కొట్టకుండా ఇమ్మని మీరే చెప్పి పంపారట. పొడుగుది చూసి పక్కన పెట్టేను, పట్టుకెళ్లారు."